గంధమా, కనకాంబరమా

పెయింటింగ్ పనిలోకి వస్తామని ఈ మధ్య మా వాడకట్టు కుర్రాళ్ళు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళు అడిగేదంతా రోలర్ల గురించి, స్ప్రే మిషన్ల గురించి, ఏ పుట్టీ మంచిదనే దాని గురించి. అవన్నీ దుకాణంవాడే చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు. నేను సిద్దిపేటలో నిచ్చెనలెక్కి బతికి, మోకాళ్ళు ఇక వద్దన్నాక దిగినవాణ్ణి. నా అనుభవంలో గోడ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. చెమ్మ ఉంటే ఉందని చూపిస్తుంది, పెచ్చులూడితే ఊడాయని చూపిస్తుంది. ఇబ్బందంతా ఆ గోడ ముందు నిలబడి రంగు ఎంచుకునే మనుషులతోనే. అందుకని చదరపు అడుగుల లెక్కలు ఇక్కడ రాయడం లేదు. మనుషుల సంగతే రాస్తున్నాను.

ఉస్తాద్ చెప్పింది, ఉస్తాద్ చేసింది

నాకు పని నేర్పింది ఖాజా ఉస్తాద్. సున్నంలో నీలిమందు కలిపే రోజుల నుంచి మిషన్‌లో రంగు కలిపే రోజుల దాకా ఆయన ఈ ఊళ్ళో గోడలు చూశాడు. శాంపిల్ కొట్టమంటే అరచేతి వెడల్పున కొట్టి చేతులు దులుపుకునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మండేది. శాంపిల్ తలుపు రెక్కంత ఉండాలి, పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి, లైట్లు వేశాక ఒకసారి చూడాలి, అప్పుడే నోరు తెరవాలి. ఇదీ ఆయన పద్ధతి.

“తడి మీదున్న గోడ అబద్ధం చెప్తది యాదగిరీ. సూఖ్‌నే దో. ఎండినంక అడుగు,” అనేవాడు.

ఈ మాట మీరు గుండెల్లో రాసిపెట్టుకోండి. ఫోన్లో ఫొటో చూపించి “గిదే రంగు కావాలె” అనేవాళ్ళు ఇప్పుడు ఇంటికొకరున్నారు. ఆ ఫొటోలోని ఇల్లు ఎక్కడుందో, దాని కిటికీ ఏ దిక్కుకు ఉందో ఎవరికీ తెలియదు. షేడ్ కార్డు కూడా అలాంటిదే. వేలిగోరంత ముక్కలో ముద్దుగా ఉన్న రంగు నాలుగు గోడలకూ ఎక్కాక మీదికొస్తుంది. ఈ గోడ రంగు ఆ గోడ మీద పడుతుంది, ఆ గోడది దీని మీద పడుతుంది. కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది వేయించమని చెప్పండి, తర్వాత తిట్లు తగ్గుతాయి.

కార్డు మీద పేర్లు కూడా పట్టించుకోకండి. ఎడారి, సూర్యాస్తమయం, శరదృతువు అని ఇంగ్లీషులో రాస్తారు. సిద్దిపేటలో ఎడారి ఎవరు చూశారు? నేను నెయ్యి, బెల్లం, గంధం, కనకాంబరం అనే చెప్పేవాణ్ణి, వెంటనే అర్థమయ్యేది. ఒకావిడ మాత్రం “బెల్లమంటే కొత్త బెల్లమా, పాత బెల్లమా?” అని అడిగింది. అది మంచి ప్రశ్న. ఆ ఇంట్లో పని చాలా సాఫీగా సాగింది.

ఉస్తాద్‌లో ఒక లోపం కూడా ఉండేది, అది నేర్చుకోకండి. ఇంట్లో మొగుడు ఒక రంగు, పెళ్ళాం ఒక రంగు అంటే ఆయన రెండు డబ్బాలూ ఒకే బకెట్‌లో ఒంపి కలిపేసేవాడు. “ఇద్దరి మాటా నిలబెట్టిన” అనేవాడు. వచ్చేది చల్లారిపోయిన చాయ్ రంగు. అప్పటిదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాలు ఆ రంగు చూడగానే ఒక్కటై మమ్మల్ని తరుముకునేవాళ్ళు. సంసారాలు నిలబెట్టడానికి అది మంచి ఉపాయమే కానీ, మా పని మాత్రం మళ్ళీ మొదటికి వచ్చేది.

వేడి రంగుల పంచాయితీ

నీలం కావాలా ఆకుపచ్చ కావాలా అన్న గొడవ ఒక చాయ్ తాగేలోపు తేలిపోతుంది. వేడి రంగుల్లో, అంటే పసుపు, నారింజ, ఇటుక జాతి రంగుల్లో, దగ్గర దగ్గరవి రెండు తీసుకొస్తే మాత్రం ఇంట్లో పొయ్యి వెలగదు. రెండూ బాగానే ఉంటాయి కాబట్టి, అవతలివాళ్ళు కావాలనే మొండికేస్తున్నారని ప్రతివాళ్ళకూ అనిపిస్తుంది. పైగా ఈ రంగులు వెలుతురును బట్టి పూటకోలా కనిపిస్తాయి. తెల్ల ఎల్‌ఈడీ కింద కనకాంబరం పాలిపోతుంది. అదే కనకాంబరం పడమటి కిటికీ ఎదురుగా ఉంటే సాయంత్రానికి గోడ అంటుకుందేమో అనిపిస్తుంది.

ఇలాంటి తగాదాల్లో ఎవరి పక్షమూ తీసుకోవద్దని నేను చాలామందికి చెప్పాను. నేను ఒకే ఒక్కసారి తీసుకున్నాను, అది వైకుంఠం సేటు ఇంట్లో.

సేటు కన్ను

వైకుంఠం సేటుకు బట్టల బజారులో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీరల మీదికి రవికె ముక్కలు, లంగాలు, ఫాల్స్ అమ్మే దుకాణం. మిగతా దుకాణాల్లో అయితే ఆడవాళ్ళు చీరనూ తానునూ పట్టుకుని బయటికొచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తారు. మధ్యాహ్నం ఆ వీధిలో నడిచి చూడండి, ప్రతి దుకాణం ముందూ ఇద్దరు ముగ్గురు చీర కొంగులు ఎత్తిపట్టుకుని నిలబడి ఉంటారు, ఆటోలు వాళ్ళ చుట్టూ తిరిగి పోతుంటాయి. సేటు దుకాణం ముందు కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. తర్వాత ఆయన ఆ పద్ధతి మానేశాడు.

“నా దుకాణంల ఎండతోని పనిలేదమ్మా. చీర అంచు చూపెట్టు చాలు,” అనేవాడు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి అరలోంచి తాను లాగేవాడు. చేర్యాల నుంచి, తొగుట నుంచి బస్సెక్కి వచ్చిన ఆడవాళ్ళు ఆ చెయ్యి చూసి నోరు తెరిచేవాళ్ళు. మేమందరం అదొక విద్య అనుకున్నాం.

ఎప్పుడైనా ఎవరైనా ముక్క కలవలేదని తిరిగొస్తే సేటు తప్పు ఒప్పుకునేవాడు కాదు. “ఇంట్ల ఏం లైటు పెట్టుకున్నరు? తెల్లదా? మరి గదే. లైటు మార్చుండ్రి, రైక కలుస్తది,” అనేవాడు. ఆయన మాట మీద బల్బులు మార్చినవాళ్ళు నాకు తెలుసు. పక్కనున్న కరెంటు సామాన్ల దుకాణంవాడు సేటు కనిపిస్తే లేచి నిలబడేవాడు.

ఒకరోజు సేటు భార్య అండాలమ్మ నన్ను పిలిపించింది. పడకగదికి రంగు వేయాలంది. షేడ్ కార్డు తెప్పించుకుని రెండు రంగులు ముందే ఏరి పెట్టింది. ఒకటి గంధం, ఇంకోటి లేత కనకాంబరం. కిటికీ పడమటికి ఉంది కనుక గంధం మేలని చెప్పాను. “రెండూ కొట్టి చూపెట్టు, సేటు చెప్తడు,” అంది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీద, ఉస్తాద్ చెప్పినట్టే, తలుపు రెక్కంత శాంపిళ్ళు రెండు పక్కపక్కన కొట్టి వెళ్ళాను.

మర్నాడు వెళ్ళేసరికి సేటు గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“యాదగిరీ, ఒక్క డబ్బతోని రెండు దిక్కుల కొట్టి, రెండు రంగులంటవా?” అన్నాడు.

నేను నవ్వాను. సేటు హాస్యమాడుతున్నాడనుకున్నాను.

“నవ్వుతవేంది? గిది ఏం రంగు?”

“గిది గంధం సేటూ. గది కనకాంబరం.”

“గంధం నాకు చెప్తవా? డబ్బ మీద రాసుంటె నీకు తెలుస్తది. నాకు తాను మీద చెయ్యి పెడ్తె తెలుస్తది. ఆగు, ఈడనే ఉండు.”

దుకాణం దగ్గరే. చంకలో ఒక తాను పెట్టుకుని తిరిగొచ్చాడు. దాని అంచు లాగి ఒక శాంపిల్ మీద పెట్టాడు, తర్వాత రెండో దాని మీద పెట్టాడు.

“చూడు. గిదానికి కల్సింది. గిదానికి గూడ కల్సింది. ఒక్క తాను రెండిటికి కల్సిందంటె రెండు ఒక్కటే గాదా?”

వాదనలో లోపం లేదు. కోర్టులో కూడా నిలబడుతుంది. ఒకటే ఇబ్బంది, ఆ తాను పచ్చి నిమ్మకాయ రంగులో ఉంది. అది గంధానికీ కలవదు, కనకాంబరానికీ కలవదు, ఆ గదిలో ఉన్న దేనికీ కలవదు. చెబుదామని నోరు తెరిచాను. సేటు వెనకాల గుమ్మంలో నిలబడిన అండాలమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను.

పప్పుల పరీక్ష

అండాలమ్మ తల ఊపడం నాకు అప్పుడు వేరేలా అర్థమైంది. ఆమెకు కూడా రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయనుకున్నాను. ఊళ్ళో రంగులకు పెద్ద దిక్కు వైకుంఠం సేటు, ఆయన ఒకటే అంటున్నాడు. ఆయన ఇల్లాలు కాదనడం లేదు. ఇక మిగిలింది నా కళ్ళే. దారి పొడవునా ఎదురైన ప్రతి గోడ రంగు పేరూ చెప్పుకుంటూ నడిచాను. రంగు కనిపించని పెయింటర్‌కు ఈ ఊళ్ళో ఎవరు పనిస్తారు?

రెండు డబ్బాల మూతలూ పట్టుకుని చాయ్ బండి దగ్గర ఆగాను. చాయ్ చేసే అతను వాటిని చూసి, “ఒకటి చాయ్, ఒకటి పాలెక్కువైన చాయ్. రెండు రకాలే అన్నా,” అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. పక్కన కూర్చున్న మంగలి అతను వాటిని అటూ ఇటూ తిప్పి, “రెండు ఒక్కటే,” అన్నాడు. ఆయన కళ్ళద్దాలు నెత్తి మీద ఉన్నాయన్న సంగతి నేను అప్పుడు గమనించలేదు.

ఇంటికెళ్ళి మా ఆవిడ లక్ష్మికి చెప్పాను. ఆమె మాట్లాడకుండా లోపలికెళ్ళి మూడు గిన్నెల్లో కందిపప్పు, శనగపప్పు, ఎర్రపప్పు తెచ్చి ముందు పెట్టింది.

“ఏది ఏందో చెప్పు. దూరంకెల్లి చెప్పు, ముట్టుకోకు.”

మూడూ చెప్పాను. గిన్నెలు తారుమారు చేసి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

“నీ కండ్లకేం రోగం లేదు. గుర్తువట్టుడు వచ్చింది గద, వండుడు గూడ నేర్సుకో,” అని గిన్నెలు తీసుకెళ్ళిపోయింది.

అండాలమ్మ ఉపాయం

రెండు రోజుల తర్వాత, సేటు దుకాణానికి వెళ్ళాక, అండాలమ్మ మళ్ళీ పిలిపించింది. నన్ను గోడ ముందు నిలబెట్టి సూటిగా చెప్పింది.

“రంగులు రెండే యాదగిరీ. నీ కండ్లు మంచిగనే ఉన్నయ్. ఆయనకే కానొస్తలేదు.”

నేను గోడ వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాను.

“కండ్లకు పొరలొచ్చినయ్. నాకెర్కలేదని ఆయన అనుకుంటుండు. ఎండల నిలవడితె అంత మసక మసక కొడ్తున్నట్టున్నది, అందుకనే చీరలు బయటికి తీస్కపోవుడు బంద్ వెట్టిండు. ఏ తాను ఏ అరల ఉన్నదో చేతికి యాదికున్నది, గట్ల నడిపిస్తుండు. కొత్త మాల్ వచ్చినప్పుడే తప్పుతుండు. తప్పిన ముక్కలు ఇంటి దిక్కుకెల్లి నేనే మార్చి ఇస్తున్న.”

“మరి గోడకు రంగు?” అన్నాను.

“నాకేం తొందర రంగుకు? ఆయన దొరకాల్నని దగ్గర దగ్గరివి రెండు ఏరిన. ఎరుపు, నీలం వెడ్తె గుర్తువడ్తడు. నువ్వు రెండంటవ్, ఆయన ఒకటంటడు, గప్పుడన్న అనుమానమొచ్చి దవాఖానకు పోతడనుకున్న.”

“నేను చెప్పబోతె మీరే వద్దని తల ఊపిన్రు గదమ్మా?”

“నిమ్మకాయ తాను తెస్తడని నేననుకోలె యాదగిరీ. గంతగనం పోయినయని నాక్కూడ తెల్వది. భయమైంది,” అంది.

“మీరే చెప్పి తోలుకపోవచ్చు గద?”

“నేనంటె ఇంక మొండికేస్తడు. చూడు నాకు మంచిగ కానొస్తున్నదని స్కూటర్ తీస్కొని ఊరంత తిరిగొస్తడు. ఆ మధ్య గట్లనే పోయి ఎవరిదో బర్రెకు ‘జరుగుండ్రి బాపూ’ అని చెప్పొచ్చిండంట.”

నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలేదు.

“మాఘమాసంల పెండ్లిళ్ళు మొదలైతయ్. మందంత ఒక్కపారి మీద వడ్తరు. గప్పుడు నాతోని గాదు. బజార్ల నవ్వుతరు. దుకాణం పోతె పోనియ్యి, నవ్వులపాలైతె ఆయన బతకడు,” అని కళ్ళు తుడుచుకుంది. నాకు చాలా బాధేసింది. అంతసేపూ నా పని పోతుందేమోననే నేను భయపడ్డాను, ఆమె మనిషి పోతాడేమోనని భయపడుతోంది.

ఉపాయం కూడా ఆమే చెప్పింది. నాకే కళ్ళు కనిపించడం లేదని సేటుకు చెప్పాలి, దవాఖానకు తోడు రమ్మనాలి. పక్కవాళ్ళకు ధైర్యం చెప్పడమంటే సేటుకు ఎక్కడలేని ఇష్టమట. నేను తటపటాయించాను. వంటవాడు తనకు రుచి తెలియడం లేదని చాటుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కానీ ఆమె ముఖం చూశాక కాదనలేకపోయాను.

సేటుకు చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. “నేను గా దినమే అన్న! ఒక్క రంగును పట్టుకొని రెండంటివి! నడువు, నేనొస్త, ఏం భయపడకు,” అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకూ, “పాపం యాదగిరికి కండ్లు పోయినయ్” అని చెప్పుకొచ్చాడు. బజారులో ఎదురైనవాళ్ళు నా ముఖం ముందు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడగడం మొదలుపెట్టారు. చంద్లాపూర్‌లో ఒక కొత్త ఇంటి పని మాట్లాడుకున్నాను. ఆ ఇంటాయన ఫోన్ చేసి, “నువ్వే కొట్టు అన్నా, గని చూసేటోన్ని ఎవలనన్న ఎంట తెచ్చుకో,” అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయన మీద కోపంగానే ఉన్నాను.

దవాఖానలో

కళ్ళ దవాఖానలో సేటు నా పక్కన కూర్చుని ధారాళంగా ధైర్యం చెప్పాడు. “ఆపరేషనంటె ఏం లేదు. చీమ కుట్టినంత గూడ ఉండదు. గీ రోజుల్ల గంటల ఇంటికి తోలుతరు. మొగోడివి, గట్ల మొహం వెట్టకు.” చుట్టూ ఉన్న రోగులు కూడా ఆయన వైపు తిరిగి వింటున్నారు. ఒక ముసలమ్మ ఆయన్నే డాక్టర్ అనుకుని తన కాగితాలు చేతికిచ్చింది.

మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచారు. డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా వెలిగే బోర్డు మీద అక్షరాలు చదవమంది. చదివాను. దగ్గరి చూపుకు అద్దాలు చాలు, ఇంకేం లేదు అంది. నేను ముందే అనుకున్నట్టు, “మా సేటుకు గూడ ఒకపారి చూడుండ్రి డాక్టరమ్మా,” అన్నాను.

“నాకెందుకు? నేను ఈయనకు తోడొచ్చిన,” అన్నాడు సేటు.

“వచ్చిన్రు గద పెద్దాయనా, కూసోండ్రి. చూసుకుంటె పోయేదేముంది?” అంది డాక్టరమ్మ.

అందరి ముందూ కాదనలేక కూర్చున్నాడు. చదవమనగానే గొంతు సవరించుకుని పై వరస నుంచి కింది వరస దాకా తడబడకుండా అప్పజెప్పాడు. నా కంటే వేగంగా చదివాడు. నేను హడలిపోయాను. అండాలమ్మ పొరబడిందా అనుకున్నాను.

డాక్టరమ్మ కొంచెం ఆగి, మెల్లగా అంది. “పెద్దాయనా, మీరు ఆయన చదివింది విని చెప్తున్నరు. నేను బోర్డు మార్చిన. ఇప్పుడు అక్కడ అంకెలున్నయ్.”

సేటు తల దించుకున్నాడు. డాక్టరమ్మ లైటు వేసి రెండు కళ్ళూ చూసి, శుక్లాలు బాగా ముదిరాయనీ, ఒక కంటి తర్వాత ఒకటి ఆపరేషన్ చేసుకోవాలనీ, ఆలస్యం చేయవద్దనీ చెప్పింది. సేటు “ఆలోచించుకొని చెప్త” అని లేచి బయటికొచ్చేశాడు.

బయట బల్ల మీద పక్కన కూర్చున్నాను. “సూదంటె భయమా సేటూ?” అని అడిగాను.

“సూది గాదు,” అన్నాడు. “ఆపరేషనైతె రంగులు మారి కానొస్తయంట గద. గిన్నొద్దులు నేను చూసిన రంగు గది గాదని తెలిస్తె? నేనేమమ్మినట్టు యాదగిరీ? ఎంతమందికి ఏమేం అంటగట్టిన్నో? గది తెలుసుకునుడు కంటె గిట్లనే నయం.”

నేను పెయింటర్‌ని. నాకు తెలిసింది రంగుల లెక్కే. “మీరు అమ్మింది రంగే సేటూ, కొన్నొద్దులు జర అటు ఇటైంది గంతే,” అన్నాను.

“ఆడోళ్ళు యాది మర్వరు,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “గోడ మీద గవి నిజంగ రెండేనా?” అని అడిగాడు.

“రెండే.”

“ఎంత తేడా ఉన్నది?”

“కందిపప్పుకు, ఎర్రపప్పుకు ఉన్నంత.”

ఆయన కాసేపు లోపల లెక్క వేసుకున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. “గంత ఉన్నదా?” అన్నాడు. అని, లేచి డాక్టరమ్మ గదిలోకి తనే నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, “గోడను గట్లనే ఉంచు. మొదలు దాన్నే చూస్త,” అన్నాడు.

నల్ల అద్దాలు తీసిన రోజు

ఒక కంటికి ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ నల్ల అద్దాలు తీయవచ్చు అన్న రోజు పొద్దున్నే నాకు కబురొచ్చింది. ఏ రంగు అంటే ఆ రంగు వెంటనే మొదలుపెట్టడానికి రెండు డబ్బాలూ తీసుకునే వెళ్ళాను. సేటు పడకగదిలో గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అద్దాలు తీశాడు. కొత్త కన్ను మూసి పాత కంటితో చూశాడు, పాత కన్ను మూసి కొత్త కంటితో చూశాడు. మళ్ళీ మళ్ళీ అదే పని.

“గీ కంటికి ఒక్కటే. గీ కంటికి రెండు. అరె! గీ కంటికి ఒక్కటే! గీ కంటికి రెండు!” అని పిల్లాడిలా అరిచాడు. “గంధం గింత తెల్లగుంటదా యాదగిరీ? కనకాంబరం చూడు, పువ్వు లెక్కనే ఉన్నది!” నాకు నిజంగా సంతోషమేసింది. ఆయన కంటికి ఆ రంగులు నేనే తెచ్చిపెట్టినంత గర్వంగా నిలబడ్డాను.

అప్పుడు అండాలమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చింది. సేటు కొత్త కన్ను ఆమె మీద నిలిచిపోయింది.

“గదేంది అండాలూ? వంకాయరంగు చీర మీద ఇటుకరంగు రైకేంది?”

ఆమె గ్లాసులు కింద పెట్టింది. “మీరే కల్పిన్రు.”

“నేనా? ఎప్పుడు?”

“పోయిన దసరాకు.”

ఆయన లేచి బీరువా తెరిచాడు. మడతల్లో చీర పక్కన దాని రవికె పెట్టి ఉంది. ఒక్కో జతా తీసి మంచం మీద వేశాడు. ఒక్కటీ కలవలేదు. ఆ జతలు ఆమె ఒంటి మీద నేను అదివరకు చూస్తూనే ఉన్నాను. కలిగినవాళ్ళ కొత్త ఫ్యాషన్ అనుకుని, మా లక్ష్మికి కూడా అలాంటిదొకటి కుట్టించుకోమని చెప్పాను.

“నాకు గోడ మీద రెండు రంగులు వెట్టి చూపెట్టినవ్. గీ రైకలు ఒక్కపారన్న కల్వలేదని అనకపోతివి?” సేటు గొంతు తగ్గిపోయింది. “గివి తొడుక్కొని బయటికి గూడ పోయినవా?”

“పెండ్లిళ్ళకు గూడ పోయిన.”

“ఎవ్వలు అడగలేదా?”

“అడిగిన్రు. నాకే గట్ల తొడుక్కుంటె ఇష్టమని చెప్పిన.”

“నవ్విన్రా?”

“నవ్విన్రు. నన్ను చూసి నవ్విన్రు. మిమ్ముల చూసి గాదు గద.”

సేటు మంచం అంచున, ఆ రవికెల పక్కనే కూర్చుండిపోయాడు. నేను బయటికి వెళ్ళాల్సింది, డబ్బాల పక్కనే ఉండిపోయాను. కొంతసేపటికి ఆయన లేచి, ఆమె కొంగు పట్టుకుని మెల్లగా గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. దుకాణంలో చీర అంచు పట్టుకున్నట్టే పట్టుకుని, ఒక శాంపిల్ మీద పెట్టాడు, రెండో దాని మీద పెట్టాడు. తలుపు తెరిచి వెలుతురు రానిచ్చి మళ్ళీ పెట్టాడు.

“గంధం,” అన్నాడు. సరైన మాటే. నేను తల ఊపాను.

“నాకు గంధం ఒద్దు,” అంది అండాలమ్మ. “కనకాంబరం కావాలె.”

సేటు ఆమె వైపు అలాగే చూశాడు. “గిన్నేండ్లు నేనేదిస్తె గది తొడుక్కున్నవ్. ఇయ్యాల ఒద్దంటవా?”

“గప్పుడు మీకు కానరాకపాయె, మీతోని ఏం కొట్లాడుదు? ఇప్పుడు కానొస్తున్నది గద. ఇగ కొట్లాడుత.”

ఆయన నవ్వబోయాడు, పెదవి వణికింది.

“ఏడ్వకుండ్రి! కంట్ల నీళ్ళు పోవద్దని డాక్టరమ్మ చెప్పింది,” అని ఆమె గట్టిగా కసిరింది. కసురుతున్నప్పుడు ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

నేను రెండు డబ్బాల మూతలూ బిగించి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల సేటు పడమటి ఎండ గురించి చెబుతున్నాడు, అండాలమ్మ “మనం పండుకునే అర్ర, నాది గూడ” అంటోంది, ఇద్దరి గొంతులూ పెరుగుతున్నాయి. ఆ రోజంతా పని మొదలు కాలేదు. చేతిలో బ్రష్ ఉండి కూడా పని లేకుండా కూర్చున్నందుకు నేను సంతోషించిన రోజు, నా పని జీవితంలో అదొక్కటే.